నవ్వక్కా

బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో ఒకే ఇంట్లో నేను వంట చేసేదాన్ని, ఒక ఇండోనేషియా పిల్ల ఇల్లు తుడిచేది. పని తెమిలాక వంటగదిలో ఫోను నిలబెట్టి, చున్నీ కొసతో దాన్ని తుడిచి, వాళ్ళ దేశపు పాటలకు ఆడి వీడియోలు పెట్టేది. నన్నూ పక్కకి లాగి, నేను నేర్పిన ఒక్క తెలుగు ముక్క అనేది: "నవ్వక్కా!"

ఒకసారి మా వెనక నుంచి మేడమ్ తలమీద గుడ్డ లేకుండా నడిచివెళ్ళింది. పిల్ల చూసుకోకుండా పెట్టేసింది. ఆ వీడియో ఇండోనేషియా అంతా తిరిగి మేడమ్ కంట్లోనూ పడింది. మేడమ్ "ఖలాస్", ఇక అయిపోయింది, అంది. పిల్లని విమానం ఎక్కించేశారు. వీడియో తీసేసినా ఎవరెవరో మళ్ళీ పెడుతూనే ఉన్నారు.

ఆమె బదులు వచ్చిన ఇండోనేషియా అమ్మాయి నిన్న అదే వీడియో చూపించి, ఆ పిల్ల మీద వేలు పెట్టి, "ఈమె మా దగ్గర అందరికీ తెలుసు" అంది.

"ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను.

"ఎవరికి తెలుసు?"

ఫోనులో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "నవ్వక్కా!" అంటూనే ఉంది.