నవ్వితే జారే మోకాళ్లు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా పెళ్లయింది. కొత్తలో నా భార్య ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేది. మక్తల్ దగ్గర మా చేలో పత్తి ఏరుతూనే గట్టు మీదికి ఒరిగేది. చర్చిలో ప్రార్థనకు మోకరిల్లితే లేచేది కాదు. రాత్రంతా పడుకుని పగలు ఈ నిద్రేమిటని అమ్మ గొణిగేది. పనిదొంగ అని కూలికి వచ్చే ఆడవాళ్లు అనుకునేవారు. అది తన చెవిన పడేది. పచ్చిమిరపకాయ నమిలి మళ్లీ సాలులోకి దిగేది. అయినా కళ్లు మూతలు పడేవి.

నన్ను భయపెట్టింది నిద్ర కాదు. ఒకరోజు నాయిన, తనను మేకపోతు తరిమిన సంగతి చెబుతుంటే నా భార్య పడీపడీ నవ్వి, బిందెతో సహా కూలబడింది. మా మాటలన్నీ వినిపించాయట, పెదవి మాత్రం కదల్లేదట. నిమిషంలో లేచి కూర్చుంది. దయ్యమన్నారు కొందరు. దవాఖానకు తీసుకుపొమ్మన్నది అమ్మే.

మహబూబ్‌నగర్ డాక్టరు హైదరాబాద్ పంపాడు. అక్కడ తలకు తీగలు అంటించి నిద్రను పరీక్షించారు. మెదడులో మెలకువను పట్టి ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనం ఉంటుందని, దాన్ని తయారుచేసే కణాలు నా భార్యలో చాలావరకు పోయాయని డాక్టరమ్మ చెప్పింది. అందుకే మెలకువ నిలవదు. కలలొచ్చే నిద్రలో ఒళ్లు వదులైనట్టే, నవ్వినప్పుడు మోకాళ్లు వదులైపోతాయట. పూర్తిగా నయం కాదు గానీ, మందులతో అదుపులో ఉంటుందంది.

నా భార్య ఒక్కటే అడిగింది.

"అయితే నేను పనిదొంగను కానన్నట్టేనా మేడం?"

"కాదమ్మా. ఇది జబ్బు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్లూ తనను తానే తిట్టుకున్నానని చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను.

పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి, మధ్యాహ్నం కాసేపు కునుకు. ఆ వేళ అమ్మ ఇంట్లో టీవీ కూడా పెట్టనివ్వదు. నాయిన ఏ కబురైనా మొదలుపెట్టే ముందు, "జర కూసో బిడ్డా, నవ్వొచ్చే ముచ్చట" అంటాడు. తను కూర్చుని, గోడకు ఆనుకుని, తనివితీరా నవ్వుతుంది.

ఇప్పుడు ముందరి గదిలో బట్టలు కుడుతోంది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి ఉంటే ఊరి ఆడవాళ్లు పిలవరు. జాకెట్టు ముక్క కిటికీలో పెట్టి, సాయంత్రం వద్దామనుకుని వెళ్లిపోతారు.