గడప దాటని బడి

“పేరు రాసుకున్నాం కదమ్మా, ఇంకేం కావాలి నీకు?”

“పేరెళ్లి బెంచీ మీద కూర్చుంటుందా సార్?”

“అరవకు. పైన క్లాసులు జరుగుతున్నాయి.”

“జరుగుతున్నాయనేగా నా ఏడుపు!”

హెడ్మాస్టరు గదిలో అరుస్తున్నది మా వీధి మూలన బట్టలు ఇస్త్రీ చేసే అక్క. నేను తలుపు బయట నిలబడి వింటున్నాను. గొడవ ఆమె కూతురు చిట్టి గురించి. చిట్టికి పదకొండేళ్లు. పుట్టినప్పటి నుంచీ కాళ్లు నిలవవు, మాట ముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం పాదరసం. ఆ పిల్లకు ఇంట్లో పాఠం చెప్పడానికి, కాలేజీ మధ్యలో వదిలేసి తిరుగుతున్న నన్ను ఈ బడే పెట్టుకుంది.

చిట్టి చిన్నప్పుడు అక్క చంకనేసుకుని వస్తే, “ఇలాంటి పిల్లలకు వేరే బడులుంటాయి, అక్కడికి తీసుకెళ్లు” అన్నారు. ఆ వేరే బడి ఎక్కడుందంటే ఎవరికీ తెలియదు. తర్వాత చట్టం వచ్చింది. ఏ బిడ్డనూ బడి గేటు నుంచి తిప్పి పంపకూడదని రేడియోలో విన్న అక్క, ఇస్త్రీపెట్టె ఎవరి చొక్కా మీదో వదిలేసి పరుగెత్తింది. చొక్కా కాలిపోయింది. దాని సొంతదారు నానా తిట్లూ తిడుతుంటే, “తిట్టుకో అన్నా, నా కూతురు బడికెళ్తోంది” అని నవ్విందట.

బడి తిప్పి పంపలేదు. పేరు రాసుకుంది. అయితే అదే చట్టంలో, బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పవచ్చని ఇంకో మాట ఉంది. మంచం దిగలేని పిల్లల కోసం రాసిన మాట అది. చిట్టి తరగతి మేడ మీద ఉంది కాబట్టి, చిట్టి ‘రాలేని పిల్ల’ అయిపోయింది. ఆ తరగతిని కిందికి దించాలంటే నాలుగు బెంచీలు మోస్తే చాలు. నన్ను పంపడం అంతకన్నా సులువని తేల్చారు.

చిట్టి భిన్నాలు ఇట్టే పట్టేసింది. ఒకసారి తేలిక లెక్క తప్పు చేస్తే, ఏమైందే అన్నాను. “కాపీ కొడదామంటే పక్కన ఎవరూ లేరుగా మామయ్యా” అంది. నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

లోపల హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. “మాస్టారు వస్తున్నాడా లేదా? పాఠం చెప్తున్నాడా లేదా? మరి నీ బిడ్డకు చదువు లేదని ఎలా అంటావమ్మా?”

అక్క బయటికి వచ్చి, నన్ను ఒకసారి చూసి, ఇంటి దారి పట్టింది. నేనూ వెంట నడిచాను. వాళ్ల ఇంటి ముందుకు వచ్చేసరికి లోపలి నుంచి, “మామయ్య వచ్చాడా?” అని చిట్టి గొంతు వినిపించింది. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“తమ్ముడూ, ఒకటి అడుగుతాను, కాదనకు.”

“చెప్పక్కా.”

“నువ్వు రావడం మానెయ్. నువ్వు వస్తున్నంత కాలం ఆయన నిన్ను చూపించి తప్పించుకుంటాడు. నా బిడ్డకు చదువు అందట్లేదని పైవాళ్లకు చెప్పుకోవాలంటే, నిజంగానే అందకూడదు. అది నీ కోసం పొద్దుట్నుంచీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నాకు తెలుసు. ఇవాళ కూడా లోపలికి రాకు. నువ్వొస్తే అది నవ్వుతుంది. ఆ నవ్వు చూశాక ఈ మాట మళ్లీ చెప్పే ధైర్యం నాకుండదు.”