పెద్దల పందిరికి మా తాటాకులు

యాభైల నాటి మాట. నాకు పన్నెండేళ్లు. అమలాపురం దగ్గర మా ఊళ్లో జిల్లా వాలీబాల్ పోటీలు పెట్టారు. వానలకు ముందు ఇల్లు కప్పించడానికి అమ్మ పోగేసుకున్న తాటాకుల్ని, అధికార్లు కూర్చునే పందిరి కోసమని ప్రెసిడెంటుగారు బండి మీద పట్టుకుపోయారు.

రెండోరోజే జడివాన. పాత కప్పు కారి, అన్నం ఉడుకుతుండగానే పొయ్యి ఆరిపోయింది. అమ్మ కొడవలి తీసుకుని ఆటస్థలానికి నడిచింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ వెనకే వెళ్లాను.

"ఊరికి పేరొచ్చింది కదమ్మా, కాస్త ఓర్చుకోండి," అన్నారు ప్రెసిడెంటుగారు, పందిట్లో పొడిగా కూర్చుని.

"ఆయ్! పేరు మీకొచ్చిందండి. వాన మా ఇంట్లోకొచ్చిందండి," అంటూ అమ్మ పందిరి కట్లు తెగ్గోసేసింది. ఆకులు జారిపడి అధికార్లంతా తడిసి ముద్దయ్యారు.

ఆ పోటీల్లో ఎవరు గెలిచారో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు అమ్మను చూసి సిగ్గుపడ్డానే, అందుకు నామీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.