దేవన్న పూడ్చిన ఎనిమిది బెజ్జాలు

వడ్ల దేవన్నది మెట్‌పల్లి దగ్గర ఊరు. సౌదీకి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ధహ్రాన్‌లో విదేశీ ఇంజనీర్లు ఉండే కాంపౌండ్ ఇళ్లలో తలుపులు బిగించాడు, అల్మారాలు చేశాడు, మేడల మీది ఫైబర్ నీళ్ల ట్యాంకులు కారకుండా అతుకులు వేశాడు. అతను చేయి పెట్టిన ట్యాంకు మళ్లీ కారిందని ఏ ఇంటివాళ్లూ ఫోను చేయలేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మెయింటెనెన్స్ పనిలో ముప్పై ఒక్క ఏళ్లున్నాను, అందులో ఇరవై రెండేళ్లు ఫోర్‌మన్‌ని. సేఫ్టీ సర్టిఫికెట్లు తొమ్మిది వచ్చాయి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకే చదివినా, రోజూ సాయంత్రం రిపోర్టు ఇంగ్లీషులో నేనే రాశాను. నా చేతి కింద నూట నలభై మంది పని నేర్చుకున్నారు. వాళ్లందరిలో దేవన్న చేయి వేరు.

అయితే సర్కారు కంప్యూటరులో మాత్రం దేవన్న గొర్రెల కాపరి.

అతను వచ్చిన రోజుల్లో ఏజెంటు దగ్గర ఏ వీసా ఉంటే అది తీసుకుని విమానం ఎక్కేవాళ్లం. దేవన్నకు దొరికింది అల్-హస్సా వైపు ఒక తోట యజమాని వీసా. ఆ యజమానే కఫీలు, అంటే కాగితం మీద దేవన్నకు పూచీదారు. ఆయన గొర్రెలు ఎప్పుడో అమ్మేసి, నీ పని నువ్వు చూసుకో అని దేవన్నను వదిలేశాడు. అప్పటినుంచి దేవన్న మా దగ్గరే పని. జేబులో ఉండే ఇఖామా అనే నివాస అనుమతి కార్డు మీద వృత్తి మాత్రం మారలేదు. గొర్రె ఈనిందో ఈనలేదో కూడా తెలియని మనిషి పద్దెనిమిదేళ్లుగా కాపరి. మా క్యాంపులో తరతరాలుగా గొర్రెలు కాసే కుర్మవాళ్లు ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్లే దీనికి ఎక్కువ నవ్వేవాళ్లు.

ఒకసారి చెక్‌పోస్టు దగ్గర పోలీసు మా బస్సు ఆపాడు. దేవన్న కార్డు చూశాడు, ఒళ్లో ఉన్న రంపం చూశాడు.

"గొర్రెలు ఎక్కడ?" అని అరబ్బీలో అడిగాడు.

దేవన్న ఆలోచించి, "కాంపౌండ్ల ఉన్నయి," అన్నాడు.

పోలీసుకు నవ్వొచ్చింది, వదిలేశాడు. అప్పటి రోజులు అలాంటివి.

నితాఖత్ అనే కొత్త సౌదీ చట్టం వచ్చాక ఆ నవ్వులు పోయాయి. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారన్నదాన్ని బట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు. పచ్చ అయితే మంచిది, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే పనివాళ్ల ఇఖామాలు రెన్యూ కావు. పైగా విదేశీ పనివాళ్ల తల మీద లెవీ. దేవన్న కఫీలు తోట ఎరుపులో పడింది. రెండువేల పదమూడులో సర్కారు గడువు ఇచ్చింది. నవంబరు మూడో తేదీ లోపల పచ్చ కంపెనీకి మారి, చేసే పనే కార్డు మీద రాయించుకోవాలి. లేదంటే పట్టుకుని వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్లీ రానివ్వరు.

"నన్ను పంపితే పంపనీ కాకా," అన్నాడు దేవన్న ఒకరోజు నాతో. "గని గొర్లకాపరి అని ముద్రేసి పంపుతరు. పద్దెనిమిదేండ్లు ఈడ నేను చేసిన పని ఒక్క కాగితం మీద గూడ లేదు."

అతని బాధ అది. నాకు అర్థమైంది. నా తొమ్మిది సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నవాణ్ణి నేను.

మా కంపెనీ పచ్చలోనే ఉంది, కానీ అంచున ఉంది. ఆఫీసులో కాగితాలు చూసే కొర్నేలుది భీమవరం. ఆయన చెప్పింది సూటిగా ఉంది.

"నర్సింలు గారూ, సిస్టంలో కార్పెంటర్ స్లాట్ ఒక్కటే ఉందండి. ఇంకొకళ్లని తీసుకుంటే మనం ఎల్లోలోకి వెళ్లిపోతాం. ఆ ఒక్కదానికీ పదిహేడు అప్లికేషన్లు."

నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. ముప్పై ఒక్క ఏళ్లలో నా కోసం ఏమీ అడగలేదు, ఈ ఒక్కటి అడుగుతున్నానని చెప్పాను. మేనేజరు నెమ్మదస్తుడైన సౌదీ. కాసేపు పెన్ను తిప్పి, ఆ అమెరికన్ ఇంజనీరు పడవ పని ఎవరూ చేయలేకపోతున్నారు కదా, మీ కాపరి అది చేసి చూపిస్తే వడ్రంగి చోటు అతనిదే అన్నాడు.

ఆ ఇంజనీరు పేరు క్రిస్. కాంపౌండ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాడు. ఆయన తాత పంతొమ్మిది వందల ఇరవైల్లో అమెరికా నేవీలో సబ్‌మెరీన్ మెకానిక్కు. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయి రెండోది ఇంకా రాని కాలం. ఆ సబ్‌మెరీన్లను ఎస్-బోట్లు అనేవాళ్లట. తాత మనీలా దగ్గర పనిచేశాడు. ఆ ఎండలో ఇనప గొట్టం లోపల నలభై మంది, ఏసీ లేదు, స్నానానికి నీళ్లు చాలవు, డీజిలు వాసన, టార్పెడోల మీదే పడకలు. క్రిస్ ఇది చెబుతుంటే దేవన్న తల ఊపాడు.

"మన పాత క్యాంపే గదా కాకా. టార్పెడోలొక్కటే తక్కువ."

క్రిస్ తన తాత బోటు నమూనా ఒకటి కాంపౌండ్ బడికి ఇవ్వాలనుకున్నాడు. ఊరికే అద్దాల పెట్టెలో పెట్టేది కాదు, పిల్లల ముందు మునిగి తేలేది. అయిదడుగుల పొడవు ఫైబర్ డొల్ల ఒకటి ఎప్పుడో చేసుకుని సగంలో వదిలేశాడు. లోపల పీవీసీ గొట్టం పెట్టి రెండు చివరలూ బిగించాలి. గొట్టానికీ డొల్లకూ నడుమ ఖాళీ ఉంటుంది. పైన టవరు, ముందు చిన్న ఫిరంగి, కర్రతో డెక్కు చేయాలి. టవరు దగ్గర ఒక రబ్బరు గొట్టం. దాని మూత తీస్తే మునగాలి, పంపుతో గాలి కొడితే తేలాలి. పాత ఫోటోలు పదకొండు ఇచ్చి, క్రిస్ పని మీద రియాద్ వెళ్లిపోయాడు.

దేవన్న మూడు వారాలు పట్టాడు. డ్యూటీ అయ్యాక మా వర్క్‌షాపులో కూర్చునేవాడు. డెక్కు పలకలు అగ్గిపుల్ల వెడల్పున కోసి అంటించాడు. ఫిరంగి ఇత్తడి నల్లా ముక్కతో చేశాడు. పెరిస్కోపు పైకీ కిందికీ కదిలేది. నేను పక్కన కూర్చుని సలహాలు ఇచ్చాను, అందులో కొన్ని అతను విన్నాడు.

పని పూర్తయిన రోజు దాన్ని బోర్లించి నాకు అడుగు భాగం చూపించాడు.

"కాకా, ఈడ ఎనిమిది బెజ్జాలుండె. అడుగున వరుసగ, ఒక్కొక్కటి బొటనవేలంత. పాపం సారు సూస్కున్నట్టు లేడు. ఫైబర్ మ్యాటు, రెసిను పెట్టి అన్ని పూడ్సిన. రెండు కోట్లు పెయింటు. ఏడుండెనో సెప్పు సూద్దాం."

నేను వేలు పెట్టి తడిమాను. జాడ దొరకలేదు. ఇది కదా పని అన్నాను. ఆ మాట అన్నది నేనే, దాచను. ట్యాంకులో బెజ్జం కనబడితే పూడ్చడమే మాకు తెలిసిన చదువు. దేవన్నకు ఆ చదువు నేర్పిందీ నేనే.

అక్టోబరు మొదటి వారంలో పరీక్ష. కాంపౌండ్ ఈతకొలను దగ్గరికి మేనేజరు వచ్చాడు, కొర్నేలు ఫైలు పట్టుకుని వచ్చాడు, రియాద్ నుంచి క్రిస్ వచ్చాడు. పడవను చూడగానే క్రిస్ టోపీ తీసేశాడు. ఫిరంగిని ముట్టుకుని చూశాడు. తాత ఫోటోను పక్కన పెట్టి పోల్చుకున్నాడు. మేనేజరు నా వైపు చూసి తల ఊపాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

దేవన్న పడవను నీళ్లలో దింపి రబ్బరు గొట్టం మూత తీశాడు. అందరం చూశాం.

పడవ తేలింది. అటూ ఇటూ ఊగింది. ఇంకా తేలింది.

దేవన్న చేత్తో నొక్కాడు. వదలగానే బెండులా పైకొచ్చింది. రెండోసారి నొక్కాడు. దాని మీద పావు కిలో సీసం పెట్టాడు. పడవ పక్కకు ఒరిగి సీసాన్ని కొలనులో పారేసి మళ్లీ నిటారుగా నిలబడింది.

"మునిగే పడవ కదండీ ఇది?" అన్నాడు కొర్నేలు నా చెవిలో.

"నీ ఫైలు నువ్వు సూస్కో," అన్నాను.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. మరో ఇద్దరు వడ్రంగులను శనివారం చూడాల్సి ఉందని చెప్పి వెళ్లిపోయాడు. దేవన్న నీళ్లలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతని మొహం చూడలేక నేను ఆ సీసం ముక్క కోసం వెతుకుతున్నట్టు నటించాను.

క్రిస్ పడవను బయటికి తీసి బోర్లించాడు. అడుగున తడిమాడు. మళ్లీ తడిమాడు. బెజ్జాలు ఏవి అని అడిగాడు.

"అన్ని మూసిన సార్," అన్నాడు దేవన్న. "ఏక్ భీ నై."

క్రిస్ గట్టున కూలబడి నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పింది కొర్నేలు మాకు తెలుగులో చెప్పాడు.

"సబ్‌మెరీన్‌కి రెండు ఒళ్లు ఉంటాయంటండి. లోపలి దాంట్లో మనుషులుంటారు, దాంట్లోకి చుక్క రాకూడదు. బయట ఒళ్లు వేరే. దాని అడుగున కావాలనే బెజ్జాలు పెడతారంట. పైన గాలి వదిలితే కింద నించి నీళ్లొస్తాయి, బరువెక్కి మునుగుద్ది. గాలి కొడితే ఆ బెజ్జాల్లోంచే నీళ్లు పోయి తేలుద్ది. మీరేమో వాటికి రెండు కోట్లు పెయింటేశారు."

అప్పుడు క్రిస్ ఇంకో సంగతి చెప్పాడు. పంతొమ్మిది వందల ఇరవైలో ఎస్-ఫైవ్ అనే బోటు మునిగే పరీక్ష చేస్తుంటే, గాలి తీసుకునే పెద్ద వాల్వు మూయడం మరిచిపోయారట. నీళ్లు లోపలికొచ్చి ముక్కు సముద్రం అడుగున తగిలింది. వెనక ట్యాంకులు ఖాళీ చేస్తే తోక మాత్రం నీళ్ల పైకి లేచింది. లోపలివాళ్లు తోక వైపు ఎక్కి ఇనపరేకుకు లోపలి నుంచి చేతి డ్రిల్లుతో బెజ్జం వేశారు. అందులోంచి కర్రకు చొక్కా కట్టి ఊపారు. దారిన పోయే ఓడ ఒకటి చూసింది. నలభై మంది దాకా ఉన్నారు, ఒక్కరూ పోలేదు.

"మూసుడు మర్శిపోయి మునిగిండ్రు, బెజ్జమేసి బతికిండ్రు," అన్నాడు దేవన్న మెల్లగా. తర్వాత క్రిస్ వైపు తిరిగి, "డ్రిల్ హై సార్?" అని అడిగాడు.

డ్రిల్లు తేవడానికి నేనే వెళ్లాను. అంత బాగా పూడ్చినదాన్ని మళ్లీ వెతికి తెరవడం పూడ్చడం కన్నా కష్టమైంది. తన పనితనం తనకే అడ్డం వచ్చింది. కొలతలు వేసి ఎనిమిదింటినీ మొదటి చోట్లలోనే వేశాడు, అంచులు నున్నగా గీశాడు. ఒక్కో బెజ్జం పడినప్పుడు పళ్లు కొరికాడు. చేయి ఒప్పుకోవడం లేదు కాకా అన్నాడు.

శనివారం ఉదయం మేనేజరు ఆ ఇద్దరు వడ్రంగులను చూడక ముందే నేను ఆయన గది తలుపు దగ్గర నిలబడ్డాను. పది నిమిషాలు కొలను దగ్గరికి రమ్మన్నాను. ఆయన రానన్నాడు. తొమ్మిది సర్టిఫికెట్ల సంగతి చెప్పాను. తెలుసు, నాలుగింటి మీద నా సంతకమే ఉంది అన్నాడు. ఆ తప్పు నా శిష్యుడిది కాదు, దాన్ని చూసి భేష్ అన్నవాణ్ణి నేనని చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి, కారు తాళాలు తీసుకున్నాడు.

దేవన్న మూత తీశాడు. టవరు పక్కన గాలి బుసబుసమంది. పడవ అంగుళం దిగింది, ఇంకో అంగుళం దిగింది. డెక్కు మీదికి నీళ్లొచ్చాయి. ఫిరంగి పోయింది, టవరు పోయింది. పెరిస్కోపు ఒక్కటే వేలు చూపినట్టు నిలబడి, అదీ పోయింది. అడుగున తెల్ల పలకల మీద పడవ సర్దుకుని కూర్చుంది.

ఇప్పుడు లేపమన్నట్టు మేనేజరు చేయి ఊపాడు. దేవన్న కాలి పంపు తొక్కాడు. అడుగున బుడగలు వచ్చాయి. ముందు ముక్కు లేచింది, తర్వాత ఒళ్లంతా లేచి నీళ్లు కార్చుకుంటూ పైకొచ్చింది. క్రిస్ చప్పట్లు కొట్టాడు. మేనేజరు కొట్టలేదు. రేపు పొద్దున పాస్‌పోర్టు కాపీలు తెమ్మని కొర్నేలుతో చెప్పి వెళ్లాడు.

అక్కడితో అయిపోలేదు. లేబరు ఆఫీసు ముందు ఆ నెలంతా జనం. కొర్నేలు నాలుగుసార్లు వెళ్లి మూడుసార్లు వట్టి చేతులతో వచ్చాడు. ఒకసారి సిస్టం డౌన్, ఒకసారి తోట యజమాని నంబరు తప్పు, ఒకసారి ఊరికే రేపు రమ్మన్నారు. దేవన్న గడ్డం గీసుకోవడం మానేశాడు. పోలీసు బండి కనబడితే బాత్రూములోకి వెళ్లేవాడు. గడువుకు నాలుగు రోజులుందనగా కొర్నేలు మధ్యాహ్నం భోజనాల వేళ మెస్సులోకి వచ్చి, దేవన్న పళ్లెం పక్కన కొత్త కార్డు పెట్టాడు.

"చదువు," అన్నాడు దేవన్న.

"నజ్జార్ అనుందండి. వడ్రంగి."

"మల్లొకసారి చదువు."

"ఎన్నిసార్లు చదివినా అదే ఉంటదండి బాబూ."

దేవన్న చేయి కడుక్కుని ఇంటికి ఫోను కలిపాడు. భార్య పుష్ప గొంతు మా బల్ల దాకా వినిపించింది.

"పుష్పా, కొత్త ఇఖామా అచ్చింది. వడ్రంగి అని రాసిండ్రు."

"నువ్వు వడ్రంగివే గదా. అండ్ల కొత్తేముంది?"

దేవన్న నా వైపు చూశాడు. నేను అన్నం వైపు చూశాను.

"మొన్నటిదాంక గొర్లకాపరి అని ఉండె."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"పద్దెనిమిదేండ్లా?"

"ఊ."

"మరి నాకెందుకు సెప్పలే?"

"నవ్వుతవని."

పుష్ప నవ్వింది. మామూలుగా కాదు, ఫోను దూరం పెట్టి ఎవరినో పిలిచి చెప్పి మళ్లీ వచ్చి నవ్వింది. మెస్సులో కుర్మవాళ్లు ఇద్దరూ అటు తిరిగారు.

"ఎన్ని గొర్లుండె?" అంది చివరికి.

"ఒక్కటి గూడ లేదే."

"ఇప్పుడు నవ్విన గదా. ఏమైంది నీకు?"

దేవన్న గడ్డం గోక్కుంటూ కార్డు మీది ఆ అరబ్బీ మాటను చూశాడు. "ఏం గాలే," అన్నాడు, "ఇంకొంచెం నవ్వు."