బాపు రికార్డులు ఎక్కించిన నెల

మా బాపు గొంతు తీసేస్తారని డాక్టరు చెప్పిన వారంలోనే నేను రికార్డర్ కొన్నాను. డాక్టరు చెప్పిన తీరు కూడా ఏమంత మెత్తగా లేదు. గడ్డ ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలి, తర్వాత మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు, మాట ఉండదు అన్నాడు. బాపుకు షుగర్ ఎక్కువ, అది అదుపులోకి రావాలి కాబట్టి ఆపరేషన్‌కు ఒక నెల గడువిచ్చారు. దవాఖాన వరండాలో ఒక నర్సు నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడే నాలుగు మాటలు రికార్డు చేసి పెట్టుకోండ్రి మేడం. తర్వాత ఎంత మొత్తుకున్నా దొరకవు" అంది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ నెల నాకు ఇంకో పని లేదనుకున్నాను. బాపు గొంతు దాచాలి, అంతే.

నేను చేసేదీ చప్పుళ్ల పనే. హైదరాబాదులో పిల్లల పాఠాలు రికార్డు చేసే ఒక చిన్న స్టూడియోలో కూర్చుని, టీచర్ల దగ్గులు కత్తిరిస్తుంటాను. అందుకే ఫోనుతో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. అరచేతిలో పట్టేంత రికార్డర్, తలమీద రెండు చిన్న మైకులు. గదిలో చీమ చిటుక్కుమన్నా పట్టుకుంటుందని అమ్మినవాడు చెప్పాడు. అబద్ధం కాదు. నా గదిలో పెట్టి చూస్తే కిందింటి ఫ్రిజ్ కూడా వినిపించింది.

ఫోన్లో ఒక్క వీడియో కూడా లేదా అని స్టూడియోలో వాళ్లు అడిగారు. ఉన్నాయి. వాటిలో బాపు నవ్వుతాడు, "జర జరుగుండ్రి" అంటాడు, పక్కకు తప్పుకుంటాడు. ఆయన బతుకంతా అంతే. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో మైక్ సెట్ దుకాణం నడిపిన మనిషి. పెళ్లయినా, జాతరైనా, చావు జరిగిన ఇంట్లో తత్వాలు పెట్టాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. గొట్టాల్లాంటి రెండు హారన్ స్పీకర్లు, ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయర్, పెట్టెడు రికార్డులు మొదట సైకిల్ మీద, తర్వాత ఆటోలో వేసుకుని తిరిగాడు. మైకు చేతికి రాగానే "హలో, హలో" అని రెండు ముక్కలని, దాన్ని సర్పంచికో పంతులుకో అందించేవాడు. ఊరంతటికీ గొంతు అద్దెకిచ్చిన మనిషి సొంతానికి వాడుకున్నది ఆ రెండు హలోలే. డీజేలు వచ్చాక దుకాణం మూతపడింది, రికార్డులు మా ఇంటి అటకెక్కాయి.

ఆ శనివారమే తుర్కయాంజాల్‌లోని నా గది నుంచి రికార్డర్ తీసుకుని ఇబ్రహీంపట్నం ఇంటికి వచ్చాను. బల్ల మీద పెట్టి, ఎదురుగా బాపును కూర్చోబెట్టాను.

"మాట్లాడు బాపు."

"ఏం మాట్లాడాలె?" అప్పటికే ఆ గొంతు గరగరమంటోంది.

"ఏదన్న. నీ చిన్నప్పటిది. పెండ్లిళ్లకు పోయినయి."

బాపు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో మైకుల జాలీని తడిమాడు. "మైకులు మంచిగున్నయ్. గీ ఎర్రలైటు ఎలిగితే పడ్తున్నట్టేనా?"

"అవ్."

"ఉత్తగ కూసోని గాలికి చెప్పుమంటే నాకు రాదు బిడ్డా. అటక మీద రికార్డులు దించు. గవి ముందు ఇందుల ఎక్కియ్యి. గవి చూస్తే ఏదన్న యాదికొస్తది."

అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "దాటేస్తుండు. నీకు సమజైతలేదా?" అంది. నాకు సమజైంది. కానీ ఆ నెలలో ఆయన అడిగింది కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? స్టూడియోలో పొద్దుటిపూట పని పెట్టించుకుని, మధ్యాహ్నానికి సాగర్ రోడ్డు మీద బస్సెక్కి ఇబ్రహీంపట్నం చేరేదాన్ని.

అటక మీది అట్టపెట్టెలను ఎలుకలు సగం తినేశాయి. రికార్డులు మాత్రం మిగిలాయి. మిగిలాయంటే, ఆకారం మిగిలింది. హారన్ల మోతకు, జనం తొక్కిడికి సూది ఎగరకుండా బాపు దాని చేతి మీద ఒక రూపాయి నాణెం పెట్టి నడిపేవాడు. ఆ బరువుకు సూది నడిచే గాడులన్నీ అరిగి, నల్ల రికార్డులు బూడిద రంగుకు తిరిగాయి. నా ఖరీదైన రికార్డర్ ఆ అరుగుదలనంతా అక్షరం పొల్లుపోకుండా పట్టుకుంది. పాట కొంచెం, గీతలు ఎక్కువ. సభల్లో బాపు రికార్డు చేసి ఉంచుకున్న క్యాసెట్లు ఇంకా ఘోరం. కొన్నింటికి బూజు పట్టింది, కొన్నింట్లో టేపు అతుక్కుపోయింది. దక్కినవాటిలో మొదట "హలో, హలో" అని పడుచువయసు బాపు గొంతు వినిపించి, ఆ వెంటనే ఎవరో పెద్దమనిషి దగ్గి ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. ఆ పెద్దమనుషులను గంటల తరబడి భరించాను. నాకు కావలసిన మనిషి రెండు హలోల దగ్గర ఆగిపోయేవాడు.

పని ఇలా సాగేది. బాపు రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు. నేను ప్లేయర్ మీద పెట్టి, అక్కడినుంచి రికార్డర్‌కు వైరు కలిపేదాన్ని. వైరు కలిపితే దాని తలమీది మైకులు పనిచేయవు, రికార్డులో ఉన్నది తప్ప గదిలో ఏం జరిగినా లోపలికి పోదు. నాకది రోజూ చేసే పని, ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు. నేను చెవులు మూసే పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం మోతాదు మించి తెర మీది గీతలు ఎరుపులోకి పోకుండా చూస్తూ కూర్చునేదాన్ని.

బల్లకు అవతల బాపు కూర్చునేవాడు. ఎర్రలైటు వెలగగానే ముందుకు వంగేవాడు. పెదవులు కదిలేవి. చేతులతో ఏవో కొలతలు చూపించేవాడు, ఒక్కోసారి నవ్వుకునేవాడు. ఒక్కోసారి దగ్గొచ్చి ఆగి, నీళ్లు తాగి మళ్లీ అందుకునేవాడు. లైటు ఆరిపోతే నోరు మూసుకునేవాడు. రికార్డు మీద ప్రేమకొద్దీ దానితో మాట్లాడుకుంటున్నాడు పాపం, పొద్దు పోతోంది కదా అనుకున్నాను. అప్పుడప్పుడు తల ఊపేదాన్ని. ఒక చెవి పక్కకు జరిపి కాసేపు విని, పాట అయిపోతుంటే మళ్లీ పెట్టేసుకునేదాన్ని. ఆ నెలంతా ఆయన సంతోషంగానే ఉన్నాడు, అది మాత్రం నిజం. రోజురోజుకూ గొంతు సన్నబడుతోందని అమ్మ గుర్తుచేస్తుంటే నాకు చిరాకేసేది. నాకు తెలియదా?

ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున దవాఖానలో చేరాలి. కారు కోసం చూస్తూ బాపు వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. నేను రికార్డర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. వైరు లేదు. మైకులు రెండూ ఆయన ముఖం వైపే తిప్పాను.

"రికార్డులన్నీ అయినయ్ బాపు. ఇగ నీ ముచ్చట."

ఆయన నా వంక వింతగా చూశాడు. "ఇంకేం ముచ్చట? చెప్పినన్ని చెప్పిన. అయిపాయె."

"ఏం చెప్పినవ్? నెల దినాలు దాటేసినవ్."

"గొంతు నొస్తుంది, వదిలెయ్ బిడ్డా. పడ్డది సాలు." చేత్తో రికార్డర్‌ను పక్కకు జరిపి కళ్లు మూసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మొండితనం నీదే. ఎవ్వరి మాటా వినవు" అన్నాను. కారు వచ్చింది. దవాఖాన దాకా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన అమ్మతో ఏదో గొణిగాడు, డ్రైవరును కోహెడ దగ్గర భూముల రేట్ల గురించి అడిగాడు. మరుసటి రోజు ఆ గొంతు లేదు.

ఆ తర్వాతి వారాలు పథ్యం, మెడకు కట్లు, రంధ్రం శుభ్రం చేయడం, పైపుతో ఆహారం. మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటుందని దవాఖానలో చూపించారు. అది ఎవరి మాటనైనా ఒకేలా గుర్రుమని పలికిస్తుంది. బాపు ఒక్కసారి విని చేయి ఊపేశాడు. జీవితమంతా శబ్దం బాగుందో లేదో చెప్పిన మనిషి, ఆయనను ఏమని ఒప్పిస్తాం? అమ్మ బజారుకు పోయి పలకా సుద్దముక్కలూ కొనుక్కొచ్చింది. "ఆకలి", "వేడి నీళ్లు", "ఫ్యాను బంద్ చెయ్యి". మా ఇంట్లో మాటలు అక్కడికి దిగాయి. అమ్మ పలక చదవడానికి ప్రతిసారీ కళ్లద్దాలు వెతుక్కునేది, అవి దొరికేలోపు బాపుకు కోపం వచ్చేది, ఆ కోపాన్ని రాయడానికి చోటు చాలేది కాదు.

పైపు తీసేసిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం నేను రికార్డర్‌లోని పాటలను కంప్యూటరులోకి మారుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. పలక మీద రాసి చూపించాడు. "నా ముచ్చట్లు పెట్టు. మీ అమ్మ ఇంటది."

"ఏ ముచ్చట్లు బాపు?"

ఆయన రికార్డర్ వైపు చూపించాడు. చెరిపి మళ్లీ రాశాడు. "నెల దినాలు చెప్పిన గద. లైటు ఎలిగినప్పుడల్ల."

ముందుకు వంగడం, ఆ చేతులు, దగ్గి నీళ్లు తాగి మళ్లీ అందుకోవడం, వాకిట్లో "పడ్డది సాలు" అనడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. దాటేయలేదు. నేను అడిగింది అడిగినట్టే చేశాడు. ఉత్తగాలికి చెప్పడం రాక, రికార్డులు చూసుకుంటూ, ఉన్న గొంతునంతా ఆ రెండు మైకుల ముందు ఖర్చు పెట్టాడు.

అమ్మ అప్పటికే చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఫైలు పాడైందని ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. మానుకున్నాను. బల్ల సొరుగులోంచి వైరు తీసి, రికార్డర్‌కు గుచ్చి చూపించాను.

"ఇది పెడితే మైకులు బందయితయ్ బాపు. ఉత్త పాటనే పడ్తది. నాకు తెల్వలే, నువ్వు దాంట్ల చెప్తున్నవని."

వివరించాల్సిన పని లేదు, ఆయనది వైర్ల బతుకే. వైరు కొస చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య కాసేపు తిప్పాడు. నా మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. అమ్మ వైపు చూశాడు. అమ్మ, "నేను వంటింట్ల ఉంటి. ఏదో గుణుగుతుండు అనుకున్న" అంది, ఎవరూ అడగకుండానే. ఆయన పలక తుడిచి, నిదానంగా రాశాడు.

"నువ్వు ఎదురుంగనే ఉన్నవ్ గద. నువ్వు ఇన్నవ్. నువ్వు చెప్పు."

కాదనలేకపోయాను. వైరు పీకేసి, మైకులు నా వైపు తిప్పి, బటన్ నొక్కాను. ఎర్రలైటు వెలిగింది. బాపు చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

ఒక చెవి తెరిచి విన్న ముక్కలే నా దగ్గర ఉన్నాయి. ఎక్కడో జాతరలో హారన్ మీద పిడుగు పడిందన్నాడు. ఏ ఊరి జాతరో తెలియదు. ఎవరి చావుకో పోతే అక్కడ ఒక ముసలాయన సరసమైన పాట పెట్టమన్నాడన్నాడు, ఎందుకో తెలియదు. చెప్పుకుంటూ పోతుంటే నా మాటలు నాకే పొట్టిగా వినిపించాయి. చివరికి మంచాల అనే ఊళ్లో జరిగిన పెళ్లి ముచ్చట అందుకున్నాను.

"మంచాలలో పెండ్లి. అప్పగింతల పాట పెట్టినవ్. హారన్లు వేపచెట్టుకు కట్టినవ్, పెద్దగ మోగుతున్నయ్. పెండ్లిపిల్ల బండెక్కింది. ఎక్కి, మళ్ల దిగింది. అందరు చూస్తుండంగ సక్కగ నీ దగ్గరికి నడిచొచ్చింది. వచ్చి..."

ఆ రోజు ఆయన అక్కడిదాకా చెప్పేసరికి ప్లేయర్ మీది రికార్డు అయిపోయింది. నేను హెడ్‌ఫోన్లు సర్దుకుని సూది ఎత్తడానికి లేచాను. ఆ తర్వాత ఆయన ఎంతసేపు చెప్పాడో, పెదవులు కదలడం మాత్రం గుర్తుంది.

"వచ్చి ఏమన్నది బాపు?"

ఆయన నోరు తెరిచాడు. అలవాటు ఇంకా పోలేదు. మెడ దగ్గర గాలి బుస్సుమంది. అప్పుడు నేను వినలేదని ఆయనకు తెలిసిపోయింది. ఆ ముఖంలో అది తెలియడం నేను చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను. పలక తీసుకుని వంగి రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ చాలాసేపు రాశాడు. మధ్యలో సుద్ద విరిగితే ఇంకోటి తీసుకున్నాడు. రాసి నా ముందు పెట్టాడు.

"పాట బంద్ చెయ్యుమన్నది. ఆమె తల్లి ఏడుస్తుంటే ఇనవడ్తలేదంట."

నేను దాన్ని పైకి చదవాలి, రికార్డర్ నడుస్తోంది. చదవలేకపోయాను. అమ్మ కళ్లద్దాల కోసం లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి బాపే చేయి చాచి, బటన్ నొక్కి ఆపేశాడు.

ఆ ఫైలు నా దగ్గరుంది. మొదట నా గొంతు, తడబడుతూ. తర్వాత పలక మీద సుద్దముక్క గీరుకుంటూ పోవడం, చాలాసేపు. చాలా స్పష్టంగా పడింది. బాపు ముచ్చట్లలో నా రికార్డర్‌కు చిక్కింది ఆ చప్పుడొక్కటే.