పెద్ద విమానం దించిన ఆదివారం

నేను విమానం నడుపుతానని చెప్తే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది, ఎందుకంటే అది నిజం విమానం కాదు. అబిడ్స్‌లో మా రెండో అంతస్తు ఇంట్లో, బట్టలారేసే బాల్కనీ పక్క గదిలో, కంప్యూటర్ తెర మీద ఎగిరే విమానం. దానికో ఎయిర్‌లైన్స్ కూడా ఉంది. అదీ ఇంటర్నెట్‌లోనే. జీతాల్లేవు, టికెట్లు లేవు, ప్రయాణికులు అసలే లేరు. కానీ ఆ క్రమశిక్షణ చూడాలి, అబ్బో! లక్డీకాపూల్‌లో మా ఆఫీసులో అందులో పావు వంతున్నా ఫైళ్లు పరిగెత్తేవి. చిన్న విమానంతో మొదలుపెట్టాలి, చెప్పినన్ని ప్రయాణాలు చెయ్యాలి, పరీక్షకు కూచోవాలి. పాసైతే ఆపై రకం విమానం నడిపే అర్హత ఇస్తారు. దాన్ని రేటింగ్ అంటారు. అన్నిటికన్నా పైన ఉండేది, సీట్ల మధ్య రెండు దారులుండే పెద్ద విమానం రేటింగ్. నేను చెప్పబోయేది దాని సంగతే.

ఈ పిచ్చి అసలు నాది కాదు, మా ఆయనది. ఆయనకు స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే షాపుండేది. పగలంతా జనం కంప్యూటర్లు బాగుచేసి, ఇంటికొచ్చి, ఏరికోరి తెచ్చుకున్న సామానుతో తనకోసం తయారుచేసుకున్న కంప్యూటర్ ముందు కూచుని ఢిల్లీకో దుబాయ్‌కో వెళ్లిపోయేవాడు. అన్నం చల్లారిపోతోందండీ అంటే, "జర ఆగు, నాగపూర్ దాటుతున్న" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మా తాతగారు యాభయ్యారులో కోస్తా నుంచి ఫైళ్లతో పాటు ఈ ఊరికొచ్చిన మనిషి. మా ఇంట్లో వేళకు తినడం, వేళకు పడుకోవడం తప్ప వేరే సరదా ఎరగం. ఆయనది నల్గొండ వైపు పల్లె. పొలం మీదుగా పోయే విమానాన్ని చూస్తూ నాగలి వదిలేసి నాన్న చేత తన్నులు తిన్నానని గర్వంగా చెప్పుకుంటాడు.

పెద్ద విమానం పరీక్షకు తేదీ కూడా ఖాయమయ్యాక ఆయన కళ్లు మొరాయించాయి. దవాఖానలో గ్లకోమా అన్నారు. చుట్టుపక్కల చూపు ముందు పోయింది, తర్వాత నడిమధ్యది మసకేసింది. పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకుందామని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇప్పుడాయనకు వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా ఎవరన్నా నిలబడితే మనిషని తెలుస్తుంది, ఎవరో తెలియదు. షాపు మూసేశాం.

ఆ రోజుల్లోనే కీబోర్డు మీద నా బొట్టుబిళ్లలు అంటించాను. రాళ్లున్న బిళ్ల చక్రాలు దించే మీట, మఖమల్ బిళ్ల లైట్లది, అలాగ. ఆయన వేళ్లతో తడుముకుంటూ నడిపేవాడు. కానీ తెర మీది అంకెలు కనపడకపోతే వేళ్లేం చేస్తాయి? ఓ సాయంత్రం ఆయన విమానం ఎక్కడో కొండకు గుద్దుకుంది. ఆయన హెడ్‌ఫోన్లు తియ్యకుండా అలాగే కూచున్నాడు. ఆ వీపు చూసి నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏడవడం నాకు చేతకాదు కాబట్టి కోప్పడ్డాను.

"లేవండి. నేను కూచుంటాను. అంకెలు నేను చదువుతాను, ఏం చెయ్యాలో మీరు చెప్పండి."

"నీకేం సమజైతది?" అన్నాడు.

"గ్యాస్ బుక్ చెయ్యడం కన్నా కష్టమా?" అన్నాను. కష్టమే. చాలా కష్టం. అది వేరే సంగతి.

అలా నా పేరు మీద, అట్టడుగు నుంచి మొదలైంది. ఆయన గురువు. గురువంటే మామూలు గురువు కాదు, రాక్షసుడు. నేను వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటుంటే హాల్లోంచి "ఇంజన్‌ల మంట లేచింది, ఏం చేస్తవ్?" అని అరిచేవాడు. చెయ్యాల్సిన పనులు పుస్తకం చూడకుండా వరసగా అప్పజెప్పాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి. ఓసారి కోఠిలో చీరకు ఫాల్ కొంటూ పెదాలు కదుపుతున్నాను. కొట్టతను నేను జపం చేసుకుంటున్నాననుకుని, అది పూర్తయ్యేదాకా బేరం ఆపి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

నిజం పైలట్లకు కళ్లకు గంతలు కట్టి ఏ స్విచ్ ఎక్కడుందో చేత్తో తాకిస్తారట. లోపల పొగ కమ్మితే చేతులే కళ్లు కావాలి కదా. మా ఆయనకు ఈ పద్ధతి తెగ నచ్చింది. నా పాత చున్నీ నా కళ్లకే కట్టి, పక్క కుర్చీలో కూచుని, "ఫ్లాప్స్... ఇంధనం... ఎడమ ఇంజన్" అని ఒక్కొక్కటే అడిగేవాడు. నా వేలు తప్పు మీట మీద పడితే చప్పుడును బట్టే పట్టేసేవాడు. "ఏడ పెట్టినవ్ చెయ్యి? గది ఇంధనం. విమానంల అందర్నీ చంపినవ్." ఆ కాసేపు ఇద్దరం ఒక్కలాగే ఉండేవాళ్లం. నాకు ఆ ఆట ఎందుకంత ఇష్టమో అప్పుడు ఆలోచించలేదు.

గది బయట అలా కాదు. షాపు మూసేసినప్పట్నుంచీ ఆయన ఒంటరిగా మెట్లు దిగలేదు. నేను దిగనివ్వలేదు. దవాఖానకు నేను, కటింగ్‌కు నేను, నాంపల్లి స్టేషన్ దగ్గర హోటల్లో దోస్తులతో చాయ్ తాగాలన్నా మోచెయ్యి పట్టుకుని నేనే. నలుగురు మగవాళ్ల మధ్య బల్ల చివర నేను కూచుంటే వాళ్లకు మాటలు రావు. మెల్లగా ఆయన ఆ చాయ్ మానేశాడు. దవాఖానలో ఇచ్చిన మడత కర్ర బీరువా పక్కనే ఉండిపోయింది. ఒక్కణ్నే పోయొస్తానని ఆయన, పడితే ఎవరు చూస్తారని నేను. ఏడాదిగా ఇదే పాట.

అసలు పరీక్షకు ముందు ఓ నమూనా పరీక్ష పెట్టారు. ఎగ్జామినర్ ఎక్కడో తన ఊళ్లో కూచుని మన తెరను చూస్తుంటాడు. తన మైకు మూసేసుకుంటాడు. మనం తప్పు చేస్తున్నా నోరు విప్పడు. అతను నోరు విప్పాడంటే పరీక్ష అయిపోయినట్టే. మన మైకు మాత్రం తెరిచే ఉంచి, చేసే ప్రతి పనీ పైకి చెప్పాలి. ఆ రోజు అంతా బాగానే నడిచింది గానీ, దిగేముందు రెక్కలకుండే ఫ్లాప్స్ దించడం మర్చిపోయాను. వెనకనుంచి మా ఆయన దగ్గాడు. నాకు తట్టలేదు. ఇంకోసారి దగ్గాడు. ఇక ఆగలేక, "ఫ్లాప్స్ ఏవే!" అని కేకేశాడు.

ఎగ్జామినర్ మర్యాదస్తుడు. "మేడమ్, మీ గదిలో ఇంకో పైలట్ ఉన్నట్టున్నారు. అసలు పరీక్షలో ఇలా అయితే ఫెయిల్ చెయ్యాల్సి వస్తుంది," అన్నాడు.

మైకు ఆపేసి ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీకు నోరాగదా? ఆదివారం పరీక్ష జరిగే ఆ రెండు గంటలూ మీరు ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పై వాటాలో పిన్నిగారింట్లో కూచోండి."

"ఆమె సీరియల్ కథలు చెప్తది. నాతోని గాదు. నాంపల్లికి పోయి చాయ్ తాగొస్త. ఒక్కన్నే."

నేను నోరు తెరిచేలోపే చెయ్యెత్తాడు. "ఇను. రెండు గంటలు నీకేం చెప్పొద్దంటున్నవ్. మంచిది, చెప్ప. గా రెండు గంటలు నువ్వు గూడ నాకు ఫోన్ చెయ్యొద్దు. ఏడున్నవ్, రోడ్డు దాటినవా, పడ్డవా, ఏం అడగొద్దు. నీ పరీక్ష నీది, నా పరీక్ష నాది."

ఈ రేటింగూ వద్దు ఏమీ వద్దు అందామనుకున్నాను. కానీ ఆ గొంతులో బతిమాలడం లేదు. బతిమాలి ఉంటే కాదనేదాన్నే. ఒకప్పుడు షాపులో ఎవరికో ధర చెప్పినట్టు, ఒకటే మాట అన్నట్టుగా చెప్పాడు. "మీ ఇష్టం. కాలో చెయ్యో విరిగితే మాత్రం నన్ననకండి," అన్నాను. అది ఒప్పుకోవడమేనని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం షాపుల షటర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు అమ్మకానికి పరుస్తారు. వాటిని తొక్కకుండా పోవాలంటే రోడ్డు మీదికి దిగాలి. ఆ తర్వాత స్టేషన్ రోడ్డు దాటాలి. వారమంతా నేను ఇంజన్ మంటలు మానేసి ఆ పుస్తకాల గురించే ఆలోచించాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కర్ర మడతలు టకటకా విప్పాడు.

"ఫోన్?"

"ఉన్నది."

"చిల్లర?"

"ఉన్నది."

"చెప్పులు కాదు, బూట్లు..."

"నువ్వు పోయి కూచోయే," అన్నాడు.

మెట్ల మీద కర్ర చప్పుడు కిందిదాకా విన్నాను. బాల్కనీలోకి పరిగెత్తబోయి ఆగాను. ఒకసారి చూశానంటే ఇక కుర్చీలో కూచోలేను.

పరీక్ష ఢిల్లీ నుంచి శంషాబాద్‌కు. పైకి లేవడం చక్కగా జరిగింది. అంత పెద్ద విమానం, నేను, నాకు నేనే నవ్వుకున్నాను. పైకి లేచాక పెద్దగా పనుండదు. అదే నా ప్రాణం మీదికి వచ్చింది. మేఘాలు తప్ప ఏమీ లేని తెర ముందు ఎంతసేపని కూచుంటాం? నాగపూర్ మీదుండగా కింద వీధిలో ఏదో బండి బ్రేకు కీచుమంది. రోజుకు వందసార్లు వినే చప్పుడే. "ఎత్తు సరిచూశాను, వేగం సరిచూశాను," అని మైకులో చెప్తున్నాను, చెవులు మాత్రం వీధిలోనే ఉన్నాయి.

శంషాబాద్ దగ్గరపడి కిందికి దిగుతుండగా ఎడమ ఇంజన్ ఆగిపోయింది. ఎగ్జామినర్ అక్కణ్నుంచే ఆపేశాడన్నమాట. ఏదో ఒకటి చేస్తాడని తెలిసిందే. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

అయ్యో దేవుడా అనుకున్నాను. ఎవరో ఆయన్ని రోడ్డు మీద లేవదీసి ఫోన్ చేస్తున్నారు. కాదు, ఏమన్నా అయితే ఆయన ఫోన్‌లోంచే చేస్తారు, దానికి వేరే మోత పెట్టుకున్నాను, ఇది ఆ మోత కాదు. అయినా ఆయన ఫోన్ పగిలిపోయుంటే? పరీక్ష పోతే పోయింది, వచ్చే నెల మళ్లీ కూచోవచ్చు. దానికి కాదు నేను ఆగింది. తనకోసం భయపడి పరీక్ష మధ్యలో నేను లేచానని తెలిస్తే ఆ మనిషి కర్ర మడిచి మళ్లీ బీరువా పక్కన పెట్టేస్తాడు. మళ్లీ ఇంకెప్పుడూ అడగడు. నాకది కళ్లకు కట్టినట్టు కనపడింది. ఫోన్ మోగి మోగి ఆగింది. నా చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఆగిన ఇంజన్‌కు ఇంధనం ఆపాను, ఫ్లాప్స్ దించాను, చక్రాలు దించాను, ఒక్కదాన్నీ వంగి చూడలేదు. యాభై, నలభై, ముప్పై అని విమానం తన ఎత్తు తానే చదువుకుంది. దిగాను. కొంచెం గట్టిగానే, కానీ దిగాను.

"పాసయ్యారు మేడమ్," అన్నాడు ఎగ్జామినర్. వేగం గురించి ఇంకేదో చెప్తున్నాడు పాపం, నేను హెడ్‌ఫోన్లు తీసేసి ఆ నంబరుకు ఫోన్ చేశాను. శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లున్నాయి, చూస్తారా మేడమ్, అంది ఓ అమ్మాయి. ఆ పిల్లకు నా చేత తిట్లు తినాలని రాసిపెట్టి ఉంది.

రెండు గంటలు దాటింది. ఆయన రాలేదు. ఫోన్ చెయ్యొద్దన్నాడు గానీ మెట్లు దిగొద్దనలేదుగా! చెప్పులేసుకుని దిగాను. మా సందు మలుపు దగ్గర, దించిన షటర్ పక్కన నిలబడి చూశాను.

రోడ్డుకు అవతల ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. ఓ కుర్రాడు చెయ్యి పట్టుకోబోతే ఏదో చెప్పి నవ్వాడు, ఆ కుర్రాడు వెళ్లిపోయాడు. ఒక బస్సు పోయింది. ఆయన ఓ అడుగు వేసి వెనక్కి తీశాడు. ఆటో ఒకటి హారన్ కొడుతూ ముందునుంచే దూసుకుపోయింది. "ఆగండి!" అన్న కేక నా నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను నోరు విప్పానంటే ఆయన పరీక్ష అయిపోయినట్టే. నలుగురైదుగురు దాటబోతుంటే వాళ్ల అడుగుల చప్పుడు పట్టుకుని కదిలాడు. నడిమధ్య డివైడర్ దగ్గర ఆగాడు. మళ్లీ విన్నాడు. మళ్లీ కదిలాడు. ఇవతలికి వచ్చేశాడు.

పుస్తకాల వరసను కర్రతో సుతారంగా తాకుతూ, నేనున్న వైపే వచ్చాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి. నా నీడ తగిలిందేమో, ఆగాడు.

"జర జరుగున్రి భాయ్," అన్నాడు.

నేను జరిగాను. ఊపిరి కూడా తియ్యలేదు. ఆయన నా పక్కనుంచి సందులోకి వెళ్లి, మా మెట్లు ఎక్కాడు. ఆ చొక్కా వీపు చెమటకు తడిసి అంటుకుపోయి ఉంది. నాకు ఏడవడం చేతకాదని చెప్పాను కదా. ఆ షటర్ పక్కన నిలబడి, పుస్తకాలమ్మే అతను చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను.

వెంటనే పైకి వెళ్తే దొరికిపోతాను. మలుపులో కిరాణా కొట్లో ఓ పాల పాకెట్ కొని, ముఖం తుడుచుకుని, మెల్లగా ఎక్కాను. తలుపు ఆయనే తీశాడు.

"పాసా?"

"పాస్."

"అరె వా!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "ఇంజన్ ఆపిండా? ఏది ఆపిండు? ఎడమదా? దిగినవా ఒక్క ఇంజన్ మీద?" అని ఊపిరి తిప్పుకోకుండా అడిగాడు. అన్నీ చెప్పాను. ఆయన మాత్రం తన దారి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, చాయ్ బాగుందన్నాడంతే. అప్పుడు ఆయన వేళ్లకు చల్లటి పాకెట్ తగిలింది.

"ఏందిది? పాలా? గీ పాల కోసం నువ్వెందుకు దిగినవ్? ఒక్క ఫోన్ చేస్తే, వచ్చేటప్పుడు నేనే తెస్తుంటి గదా!"

"సరే, రేపట్నుంచి మీరే తెండి," అన్నాను.