ఇల్సాబే కప్పిన తూము

జర్మనీలోని మా హార్జ్ కొండల్లో గని బతికేది కాలువ వల్లే. కాలువ నీళ్లు చక్రాన్ని తిప్పుతాయి, చక్రం గని అడుగున ఊరే నీటిని పైకి తోడిపోస్తుంది. కాలువకు వాలు చాలా తక్కువ. మంచు పడిందంటే నీళ్లు గంజిలా చిక్కబడి నిలిచిపోతాయి. అందుకే చలికాలానికి ముందే గట్టు నుంచి గట్టుకు కర్రలు పరిచి, వాటిమీద స్ప్రూస్ చెట్ల కొమ్మలు కప్పుతాం.

ఒక ఏడాది కప్పే వేళకు కాలువ కాపరి యోబ్స్ట్ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య ఇల్సాబే పసిబిడ్డను మా ఇంట్లో పడుకోబెట్టి గొడ్డలి తీసుకుంది.

గని మేస్త్రీ హెన్నిగ్ వచ్చి చూశాడు.

"నీవల్ల అయ్యే పనేనా అమ్మాయ్? వేరేవాణ్ణి పెడతాను."

"పెట్టండయ్యా. వచ్చేవాణ్ణి గొడ్డలి తెచ్చుకోమనండి. మాది ఇవ్వను."

"సరే, చెయ్యి. కానీ చక్రం ఆగిన రోజు కాపరి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

మంచు పడేలోగా ఆమె కాలువ మొత్తం కప్పేసింది. చేతులు కొమ్మల జిగురుతో నల్లబడ్డాయి. బిడ్డను ఎత్తుకోవడానికి మోచేతులు వాడేది.

చలికాలం మధ్యలో వెచ్చటి గాలి వీచి వాన మొదలైంది. కొండల మీది మంచు కరుగుతూ కాలువలోకి దిగసాగింది. అదనపు నీటిని లోయలోకి వదిలే తూము తెరవకపోతే గట్టు తెగుతుంది. ఇల్సాబే గునపం పట్టుకుని బయలుదేరుతుంటే యోబ్స్ట్ అడిగాడు.

"తూము దగ్గర కప్పకుండా ఖాళీ వదిలావు కదా?"

ఆమె ఆగిపోయింది. "అది కూడా కప్పాను."

"తూము మీద ఎవరైనా కప్పుతారటే?"

"నువ్వు చెప్పలేదు."

"పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి చెప్పాలని తోచలేదు."

"నేను మీ ఇంట్లో పుట్టలేదు కదయ్యా."

మంచు కింద కాలువంతా ఒకేలా ఉంది. నీళ్లు అప్పటికే కొమ్మలను తాకుతున్నాయి. పైనుంచి వెతికితే తూము దొరకదని ఆమెకు అర్థమైంది. ఏ తూమైనా కాస్త కారుతుంది. కారిన నీరు గట్టు వెలుపల గడ్డకట్టి ఉండాలి. గట్టు కిందికి దిగి నడిచింది. ఒకచోట మంచులోంచి గడ్డకట్టిన నీరు పచ్చగా పొడుచుకొచ్చి ఉంది.

దానికి ఎగువన తాను పరిచిన కొమ్మలను తానే పెరికేసింది. తూము తలుపు బిగుసుకుపోయింది. గునపం పెట్టి కుదిపింది, ఒళ్లంతా తడిసింది. కదిలాక కూడా పూర్తిగా ఎత్తలేదు. ఎక్కువ వదిలితే చక్రానికి నీళ్లు చాలవు. కొద్దిగా ఎత్తి, గునపం ఆనించి, దానిమీద బరువంతా వేసి నిలబడింది.

హెన్నిగ్ వానలో పరుగున వచ్చాడు.

"తూము మీద కప్పింది ఎవరు?"

"నేనే. విప్పిందీ నేనే. చక్రం తిరుగుతోందా?"

"తిరుగుతోంది." ఆయన పెరికిన కొమ్మలను దాటి దగ్గరికి వచ్చాడు. "యోబ్స్ట్ లేచేదెప్పుడు?"

"వసంతానికి."

"అప్పటిదాకా నువ్వే చూసుకో."

"అయితే ఈ గునపం పట్టుకోండి. తలుపు జారనివ్వకండి. గట్టు ఎక్కడైనా ఊరుతోందేమో చూసొస్తాను."

మేస్త్రీ గునపం అందుకున్నాడు. ఇల్సాబే మంచులో గట్టు వెంబడి నడిచింది.